కళ్ళము నుండి శాసనసభకు: భీమిరెడ్డి నరసింహారెడ్డి

పాల్కురికి సోమనాథుని జన్మస్థలముగా సాహిత్యలోకమునకు సుపరిచితమైన పాలకుర్తి, తెలంగాణ రైతుల చరిత్రలో మరియొక కారణమున చిరస్థాయిగా నిలిచినది. ఒక కౌలుదారు పండించిన ధాన్యము గడీకి పోవలెనా, ఆమె ఇంటికి చేరవలెనా అన్న వివాదము ఆ ఊరి పొలములో తలెత్తి మహోద్యమమునకు దారితీసినది. ఆనాడు ఆ ధాన్యమునకు కాపు నిలిచిన యువకులలో ఒకరు, అనంతర కాలమున శాసనసభ్యులుగను, పార్లమెంటు సభ్యులుగను పేరొందిన భీమిరెడ్డి నరసింహారెడ్డిగారు.

ఆయన 1925లో నల్లగొండ జిల్లా సూర్యాపేట ప్రాంతమందలి కరివిరాల కొత్తగూడెమున భూస్వామ్య కుటుంబములో జన్మించినారు. భూములు, పనివారు, పలుకుబడి పుట్టుకతోనే అమరినవి. వెట్టి చేయించుకొను వర్గమున పుట్టి, వెట్టి చేయువారి పక్షమున నిలుచుట ఆయన జీవితములోని మొదటి పెద్ద నిర్ణయము. ఆంధ్ర మహాసభయు, కమ్యూనిస్టు పార్టీయు ఆయనకు ఆ మార్గమును చూపినవి. చెల్లెలు మల్లు స్వరాజ్యంగారు కూడ అదే బాటలో నడచి, 1978, 1983 ఎన్నికలలో తుంగతుర్తి నుండి శాసనసభకు ఎన్నికైనారు.

పాలకుర్తి అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోనిది. చాకలి ఐలమ్మ అక్కడ మల్లంపల్లి భూస్వామి భూమిని కౌలునకు పుచ్చుకొని సేద్యము చేయుచుండినారు. ఆమె సంఘములో చేరినందుకు ఆగ్రహించిన విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి, తన మనుషులచేత ఆ పంటను కోయించి స్వాధీనపరచుకొనదలచినాడు. సంఘ కార్యకర్తలు కర్రలు చేతబట్టి అడ్డు నిలిచినారు. నరసింహారెడ్డిగారితోబాటు ఆరుట్ల రామచంద్రారెడ్డి, చకిలం యాదగిరిరావు మొదలగువారు వారికి నాయకత్వము వహించినారు. దేశముఖు మనుషులు వెనుదిరిగినారు. ధాన్యము ఐలమ్మ ఇంటికి చేరినది. అందుకు ప్రతీకారముగా ఆమె ఇంటికి నిప్పు పెట్టినారు. కొండా లక్ష్మణ్ బాపూజీగారి సహాయముతో న్యాయస్థానమున గెలుపు మాత్రము ఆమెకే దక్కినది. చట్టము పేదవాని పక్షమున ఉండినను, అది పొలము గట్టు వరకు నడచివచ్చుటకు మనుషుల తోడు కావలెనని ఆ ఘటన చాటినది.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియైన పిమ్మట పోరాటము తీవ్రమై, క్రమముగా సాయుధ రూపము దాల్చినది. నరసింహారెడ్డిగారు గెరిల్లా దళములను నడిపినారు. 1948 సెప్టెంబరులో నిజాము పాలన అంతరించినను పోరాటము ఆగలేదు. 1951 అక్టోబరులో గాని విరమణ జరుగలేదు.

అజ్ఞాతవాసము నుండి వచ్చిన ఆ యోధుడు 1957లో పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంటు అభ్యర్థిగా సూర్యాపేట నుండి శాసనసభలో అడుగిడినారు. 1964లో పార్టీ చీలినప్పుడు మార్క్సిస్టు పక్షమున చేరి, 1967లో తుంగతుర్తి నుండి మరల శాసనసభకును, 1971, 1984, 1991 ఎన్నికలలో మిర్యాలగూడ నుండి లోక్‌సభకును ఎన్నికైనారు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము గాని, 1973 నాటి భూపరిమితి చట్టము గాని ఎవరి దయాధర్మములు కావు. పాలకుర్తి వంటి ఊళ్ళలో రైతు వేసిన ప్రశ్నకు ప్రభుత్వములు ఆలస్యముగా ఇచ్చిన సమాధానములవి. భూమి దక్కినను నీరు లేనిదే సేద్యము సాగదు. కనుకనే శ్రీరాంసాగర్ రెండవ దశ కాల్వల ద్వారా గోదావరి జలములు తన మెట్టసీమకు రావలెనని ఆయన పట్టుబట్టినారు.

జీవిత చరమదశలో, దశాబ్దములు తాను సేవించిన పార్టీతోనే విభేదించి వేరు బాట పట్టినారు. ఆ నిర్ణయమును మెచ్చనివారు కూడ ఆయన చిత్తశుద్ధిని శంకింపలేదు. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న, నరసింహారెడ్డిగారు 2008 మే 9న కన్నుమూసినారు. పదవులు ఎన్ని లభించినను, ప్రజాప్రతినిధి పనికి ఆయన ఎంచుకొన్న కొలబద్ద ఒక్కటే: పండించినవాని గింజ వాని ఇంటికి చేరినదా, లేదా? శాసనసభలు ఉన్నంతకాలము ఆ ప్రశ్నకు కాలదోషము పట్టదు.