పార్లమెంటుకూ హద్దు గీసిన రాజమహేంద్రి న్యాయమూర్తి

రాజమహేంద్రవరం: చట్టం చేసే అధికారం పార్లమెంటుది, అమలు చేసే బాధ్యత ప్రభుత్వానిది. ఆ రెండింటికీ రాజ్యాంగం గీసిన గీత ఎక్కడుందో చెప్పవలసినది న్యాయస్థానం. ఈ గీత విషయంలో దేశమంతటా పెను చర్చకు తెరలేపిన న్యాయకోవిదుడు కోకా సుబ్బారావు గోదావరి తీరాన రాజమహేంద్రిలో 1902 జులై 15న జన్మించారు.

స్థానిక ఆర్ట్స్ కళాశాలలో పట్టభద్రులై, మద్రాసు లా కళాశాలలో న్యాయశాస్త్రం అభ్యసించారు. కొన్ని నెలలపాటు బాపట్లలో జిల్లా మున్సిఫ్‌గా పనిచేసి, తిరిగి మద్రాసులో న్యాయవాద వృత్తి చేపట్టారు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన పిదప 1954 జులైలో గుంటూరులో హైకోర్టు వెలసినపుడు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956లో హైకోర్టు హైదరాబాదుకు తరలిన తర్వాతా ఆ పదవిలో కొనసాగి, 1958 జనవరిలో సుప్రీంకోర్టుకు వెళ్లారు.

ఒంటరి గళం

అక్కడ ఆయన ప్రతిష్ఠ మెజారిటీ తీర్పులతో కాక భిన్నాభిప్రాయాలతోనే పెరిగిందనాలి. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలయ్యాడు. అయినా పోలీసులు అతడి పేర హిస్టరీషీటు తెరిచి, రాత్రివేళ తలుపు తట్టి లేపడం, ఎక్కడికి వెళ్తున్నదీ ఆరా తీయడం మానలేదు. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో అధిక సంఖ్యాకులు రాత్రి సోదాలను మాత్రమే కొట్టివేసి, మిగిలిన నిఘాను సమర్థించారు. గోప్యత ప్రాథమిక హక్కు కాదన్నారు. జస్టిస్ జె.సి.షాతో కలిసి సుబ్బారావు విభేదించారు. నీడలా వెన్నాడే పోలీసు ఉన్నచోట స్వేచ్ఛగా తిరగడమనే మాటకు అర్థం లేదని, ఆ నిబంధన మొత్తం చెల్లదని ఆయన తేల్చారు. నేరస్థుడని ముద్రపడిన ఒక సామాన్యుడి నిద్ర కోసం రాసిన తీర్పు అది.

గోలక్‌నాథ్ కేసు

1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి పదవి చేపట్టారు. పంజాబులో గోలక్‌నాథ్ కుటుంబానికి చెందిన వందల ఎకరాల్లో మిగులు భూమిని ప్రభుత్వం తీసుకోబోగా ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1967 ఫిబ్రవరి 27న పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురు, అయిదుగురిగా చీలింది. రాజ్యాంగ సవరణ ద్వారా సైతం ప్రాథమిక హక్కులను పార్లమెంటు హరించజాలదని మెజారిటీ ప్రకటించింది. అయితే అప్పటికే జరిగిన భూసంస్కరణలు తలకిందులు కాకుండా, తీర్పు ఇకమీదటి సవరణలకే వర్తిస్తుందన్నారు. అందువల్ల గోలక్‌నాథ్ కుటుంబానికి భూమి దక్కలేదు.

భూస్వాములకు కొమ్ము కాశారన్న విమర్శ ఆయనను వెన్నాడింది. భూమిలేని పేదల పక్షాన నిలబడి చూస్తే ఆ విమర్శను తేలిగ్గా కొట్టిపారేయలేం. 1973లో కేశవానంద భారతి కేసులో ఈ తీర్పును సుప్రీంకోర్టే తోసిపుచ్చింది. కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చరాదంటూ, పార్లమెంటుకు హద్దు ఉందన్న మూలభావాన్ని మరో రూపంలో నిలబెట్టింది.

1967 ఏప్రిల్ 10న పాస్‌పోర్టు కేసులో విదేశీయానం వ్యక్తిస్వేచ్ఛలో భాగమని మెజారిటీ పక్షాన తీర్పిచ్చి, మరునాడే పదవి వీడారు. ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల బరిలో దిగి జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. న్యాయపీఠం నుంచి నేరుగా ఎన్నికల గోదాలోకి దిగడం ఆయన అభిమానులకే మింగుడుపడలేదు. అంతటి న్యాయమూర్తి కొన్నాళ్లు ఆగి ఉండవలసింది.

అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 ఏప్రిల్ 28న, నిర్బంధంలో ఉన్నవారు విడుదలకై కోర్టు తలుపు తట్టలేరని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఎనిమిది రోజుల తర్వాత, మే 6న, సుబ్బారావు కన్నుమూశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటిస్తూ ఆ 1976 తీర్పును రద్దు చేసింది. ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు రాసిన భిన్నాభిప్రాయమే సరైనదని తేల్చింది.