పర్లాకిమిడి పంతులు గిడుగు రామమూర్తి

వంశధార తీరాన ముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు వేంకట రామమూర్తి జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, విశాఖపట్నంలో మేనమామ ఇంట ఉండి మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఫస్టు ఫారం, అంటే నేటి ఆరో తరగతి, పిల్లలకు చరిత్ర బోధించే ఉపాధ్యాయుడిగా చేరారు. 1911లో పదవీ విరమణ చేసేవరకు బోధనే ఆయన వృత్తి.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు నివసించేవారు. వారి పిల్లలకు ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష. ఈ బాధను గుర్తించిన రామమూర్తి, తెలుగు కూడా వచ్చిన ఒక సవరను ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రచించి, సొంత డబ్బుతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. మన్యంలో తిరిగి జ్వరాల పాలై, క్వినైను వాడకంతో వినికిడి పోగొట్టుకున్నారు. అయినా కృషి మానలేదు. 1913లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదునిచ్చింది. సవర వ్యాకరణం 1931లో వెలువడింది.

తెలుగు పిల్లల కష్టమూ అటువంటిదేనని ఆయన గ్రహించారు. ఇంట్లో వస్తున్నాను అనే బాలుడు బడిలో వచ్చుచున్నాను అని రాయాలి. నోటితో చక్కగా చెప్పగల విషయం కాగితంపై పెట్టేసరికి తడబాటు. భావం కంటె రూపానికే శ్రమంతా ఖర్చయ్యేది. పాఠశాలల పర్యవేక్షకుడు యేట్సు, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనతో ఏకీభవించారు. జయంతి రామయ్య ప్రభృతులు తీవ్రంగా ప్రతిఘటించారు. ప్రాచీన కావ్యాలను విడిచిపెట్టాలని రామమూర్తి ఏనాడూ కోరలేదు. వాటిని చదివి అర్థం చేసుకోవాలి, స్వంత రచన మాత్రం శిష్టుల వ్యవహారంలోని భాషలో సాగాలి అన్నదే ఆయన వాదం. గ్రాంథికమే రాయాలన్న పండితుల రచనల్లోనే వ్యాకరణ దోషాలను ఎత్తిచూపుతూ గద్యచింతామణి వంటి గ్రంథాలు వెలువరించారు. 1919లో తెలుగు అనే పత్రికను స్థాపించారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. తెలుగువారున్న పర్లాకిమిడిని అందులో చేర్చడాన్ని ఆయన వ్యతిరేకించారు. ప్రారంభోత్సవం నాటి ఉదయమే, యాభై ఆరేళ్లుగా తనదైన ఆ ఊరిని విడిచి రాజమండ్రి చేరారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై రెండేళ్లు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన జన్మదినమే నేడు తెలుగు భాషా దినోత్సవం. అయితే ఆ పంతులు తెలుగు కోసం పోరాడడానికి ముందే పొరుగువారి సవరకు బడిలో పీట వేశారు. ఇంటి మాటకు బడిలో గౌరవం ఉండాలన్న ఆయన నియమం ఒక్క తెలుగు పిల్లల కోసం పుట్టినది కాదు. సరిహద్దు గ్రామాల్లో ఏ భాష మాట్లాడే బిడ్డకైనా అది వర్తిస్తుంది.