రెండు పనుల పంతులుగారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం వారు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఏటా ఆగస్టు 29న మనం దండ వేసే పటం. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిది. వాడుక భాష కోసం పోరాడారని ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు చెబుతారు, పిల్లలు చప్పట్లు కొడతారు. ఆయన కూడా మనలాగే బడి పంతులని, ఆ పని చేయడానికి ఎన్ని పక్కన పెట్టవలసి వచ్చిందో అని నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆలోచించనే లేదు. రిటైరయ్యాక తీరిగ్గా చదివితే తెలిసింది.

1863లో శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండేళ్ళకే తండ్రి పోయారు. విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు బడిలో చదివారు. అక్కడ గురజాడ అప్పారావుగారు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ అయింది. మరుసటేడు పర్లాకిమిడిలో రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. జీతం 30 రూపాయలు, వయసు 17. పగలు పాఠాలు చెబుతూ, ప్రైవేటుగా చదువుకుంటూ 1896 నాటికి బి.ఏ. పూర్తి చేశారు. ఆ రోజుల్లో బి.ఏ. అంటే సర్కారు కొలువుకు దారి. ఆయన మాత్రం పర్లాకిమిడి వదల్లేదు. ముఖలింగం గుళ్ళో శాసనాలు చదవడం తనంతట తానే నేర్చుకున్నారు. ఆ దారిలోనే ఉండిపోయినా చరిత్రకారుడిగా పేరు మిగిలేది.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వారి పిల్లలకు చదువు లేదు. చెబుదామంటే వారి భాష వచ్చిన పంతులు లేడు, అప్పటికి ఆ భాషకు లిపీ లేదు. రామమూర్తిగారు తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని ఏళ్ళ తరబడి ఆ భాష నేర్చుకున్నారు. కొండలెక్కి సవరల గూడేలకు వెళ్ళారు. ఆ భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, వాటిలో పంతుళ్ళకు జీతాలు తానే ఇచ్చుకున్నారు. బడిపంతులి జీతంలోంచి ఇంకొక పంతులికి జీతం! నెలాఖరున మన జేబుల సంగతి తెలిసిన వాళ్ళం కనుక ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. మద్రాసు ప్రభుత్వం మెచ్చుకుని పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టించమని కోరారే తప్ప తాను పుచ్చుకోలేదు.

అడవుల్లో తిరగడంతో మలేరియా పట్టుకుంది. క్వినైన్ వాడక తప్పలేదు. జ్వరం తగ్గింది గానీ చెవులు పోయాయి. భాషను చెవితో పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా సవర పని ఆపలేదు.

రెండో పని 1907 ప్రాంతంలో ఎదురైంది. యేట్స్ అనే ఇంగ్లీషు దొర బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చి తెలుగు నేర్చుకోబోయాడు. జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల్లోని తెలుగుకూ ఇంత తేడా ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. విశాఖపట్నంలో కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గిడుగు, గురజాడల పేర్లు చెప్పారు. అక్కడి నుంచి నలుగురూ కలిసి పనిచేశారు. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే వారికి పాఠాలుండాలన్నది వారి వాదం. సవర పిల్లల విషయంలో రామమూర్తిగారు అప్పటికే చేసి చూపించింది అదే.

1911లో, ఇంకా యాభై నిండకుండానే, ఉద్యోగం మానేశారు. ఆ తర్వాత ఊరూరా సభలే. పండితులతో వాదానికి వెళ్ళేటప్పుడు గుర్తులు పెట్టిన పుస్తకాల కట్టలు వెంట ఉండేవి. గ్రాంథికమే రాయాలన్నవారి సొంత రాతల్లోనే వ్యాకరణం తప్పిన చోట్లు తీసి చూపించేవారు. 1913లో రావు సాహెబ్ బిరుదు వచ్చింది. 1915లో గురజాడ పోయారు. 1919లో వాడుక భాష కోసం రాజమండ్రిలో పెట్టిన సమాజానికి కందుకూరి వీరేశలింగంగారు అధ్యక్షులు, ఈయన కార్యదర్శి. కొద్ది నెలలకే వీరేశలింగంగారూ వెళ్ళిపోయారు. అదే ఏడు ‘తెలుగు’ అనే పత్రిక మొదలుపెట్టారు, అది ఎక్కువ కాలం సాగలేదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెబుతాను, పెద్దలు ఏమీ అనుకోవద్దు. ఈ వాదాలు ఆయన కాలాన్ని చాలా తిన్నాయి. సవర వ్యాకరణం అచ్చయింది 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో. నలభై ఏళ్ళకు పైబడిన శ్రమ డెబ్భై ఐదేళ్ళ వయసులో గానీ పుస్తకంగా చేతికి రాలేదు. ఒక పని కోసం రెండో పనిని ఆలస్యం చేయవలసి వచ్చింది. ఉద్యోగమూ, డబ్బూ, శాసనాలూ పక్కన పెట్టిన మనిషి ఈ రెండింటిలో దేన్నీ వదల్లేకపోయారు. రెండూ పిల్లల చదువు పనులే మరి.

1936లో పర్లాకిమిడిని కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిపారు. యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఊరు. అది తనకు సమ్మతం కాదని, డెబ్భై మూడేళ్ళ వయసులో ఆ ఇల్లు విడిచి రాజమండ్రికి తరలి వచ్చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1938లో కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. బడి పుస్తకాలన్నీ వాడుక భాషలోకి రావడం ఆయన చూడలేదు. ఆ వాచకాలతో పాఠాలు చెప్పింది మనం.