రెనాల్డ్స్‌ నంబరు తెలుసు... మరి రెనాల్డ్స్‌?

ఫ్లూయిడ్‌ మెకానిక్స్‌ పేపర్లో రెనాల్డ్స్‌ నంబరు లెక్క చేయకుండా మెకానికల్‌, సివిల్‌ విద్యార్థులెవరూ గట్టెక్కరు. పైపులో ప్రవాహానికి ఆ నంబరు 2,000 దాటకపోతే లామినార్‌, 4,000 దాటితే టర్బులెంట్‌. ఇంతవరకూ నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. ఇంటర్వ్యూ బోర్డు ఇంకోలా అడిగిందనుకోండి. గాలితో చల్లబడే ఇంజిన్‌ ఉన్న ఆఫ్‌రోడ్‌ బండి, రేడియేటర్‌ లేదు. దానికి ఏ గ్రేడు ఇంజిన్‌ ఆయిల్‌ పోస్తారు? వేడి ఎక్కువ కాబట్టి చిక్కటి ఆయిల్‌ పోస్తాం సార్‌ అని ఠక్కున అనేస్తారు చాలామంది. చిక్కదనం మరీ ఎక్కువైతే ఏమవుతుందని బోర్డు మళ్లీ అడిగితే? ఆ రెండో ప్రశ్నకు జవాబు వెతికి పెట్టింది కూడా ఆ రెనాల్డ్సే. అందుకే నంబరుతో ఆగిపోకుండా మనిషినీ కాస్త తెలుసుకోండి.

ఆస్‌బోర్న్‌ రెనాల్డ్స్‌ 1842లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు. పెరిగింది ఇంగ్లండ్‌లో. తండ్రి చర్చి మతాచార్యుడు, బడిపంతులు. వ్యవసాయ పరికరాలకు మార్పులు చేసి పేటెంట్లు కూడా తీసుకున్నారు. ఇంట్లో లెక్కలూ, యంత్రాలూ రెండూ ఉండేవన్నమాట. సాధారణంగా మనం డిగ్రీ చేతికొచ్చాక వర్క్‌షాపు మొహం చూస్తాం. రెనాల్డ్స్‌ ఈ వరసను తిరగేశారు. 19వ ఏట స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్‌ అనే ఊళ్లో, పడవలూ యంత్రాలూ తయారుచేసే ఎడ్వర్డ్‌ హేస్‌ దగ్గర అప్రెంటిస్‌గా చేరారు. యంత్రాల్లో తన కళ్ల ముందు జరిగే కొన్నిటికి కారణం గణితం లేకుండా దొరకదని అక్కడే ఆయనకు తెలిసింది. అప్పుడు కేంబ్రిడ్జికి వెళ్లి, 1867లో గణితంలో ఏడో ర్యాంకుతో బయటికొచ్చారు.

లండన్‌లో సివిల్‌ ఇంజినీర్ల దగ్గర కొద్దికాలం పనిచేశారో లేదో, మాంచెస్టర్‌లోని ఓవెన్స్‌ కాలేజీ కొత్తగా ఇంజినీరింగ్‌ ప్రొఫెసర్‌ పోస్టు ప్రకటించింది. ఆయన వయసు 25. అనుభవం అని రాసుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. దరఖాస్తులో ఉన్నదే రాశారు: చిన్నప్పటి నుంచీ యంత్రాలంటే ఇష్టమని, వర్క్‌షాపులో గణితం అవసరం ఎలా తెలిసొచ్చిందని. 1868లో ఉద్యోగం వచ్చింది, 1905 వరకూ అందులోనే ఉన్నారు. ఆ 1868లోనే పెళ్లయింది, మరుసటి ఏడాదే భార్య చనిపోయారు. పన్నెండేళ్ల తర్వాతగానీ ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

పాఠం చెప్పడంలో మాత్రం ఆయనకు మంచి పేరేమీ లేదు. ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో వెళ్లిపోయేవారట. ఎలక్ట్రాన్‌ను కనిపెట్టిన జె.జె. థామ్సన్‌ కూడా ఆ క్లాసులో కూర్చున్నవారే. గాజు గొట్టంలో నీటి మధ్యకు రంగు వదిలి, అది ఎప్పుడు తిన్నగా పోతుంది, ఎప్పుడు చెదిరిపోతుంది అని చూసిన ప్రయోగం 1883 నాటిది. మీ లెక్కలన్నీ అక్కడివే.

ఇక నూనె సంగతి. అప్పట్లో బోషాంప్‌ టవర్‌ అనే ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగులపై ప్రయోగాలు చేస్తున్నారు. ఇరుసు అడుగుభాగం నూనెలో మునిగి తిరుగుతుంటే, పైన ఇత్తడి బేరింగ్‌ బరువు మోస్తుంటుంది. నూనె పోయడానికని బేరింగ్‌ పైభాగంలో రంధ్రం చేశారు. నూనె లోపలికి పోవాల్సింది పోయి, ఆ రంధ్రంలోంచి పైకి పొంగింది! బిరడా బిగిస్తే తన్నేసింది. చెక్క మేకు కొడితే అదీ బయటికొచ్చింది. ప్రెషర్‌ గేజ్‌ పెట్టి చూస్తే చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది. బేరింగ్‌ మీద సగటు బరువేమో అందులో సగమే.

దీనికి కారణం చెప్పింది 1886లో రెనాల్డ్స్‌. ఇరుసు బేరింగ్‌కు సరిగ్గా నడిమధ్యలో ఉండదు, ఒక పక్కకు జరుగుతుంది. అందువల్ల రెండింటి మధ్య సందు ఒకచోట వెడల్పుగా మొదలై క్రమంగా ఇరుకవుతుంది. ఇరుసును అంటుకున్న నూనె దాంతోపాటే ఆ ఇరుకులోకి ఈడ్చుకుపోతుంది. పక్కలకు జారిపోదామంటే దాని చిక్కదనమే అడ్డుపడుతుంది. ఒత్తిడి పెరిగి ఇనుము నూనె మీద తేలుతుంది, లోహానికి లోహం తగలదు. ఈ పొర ఎంత మందంగా నిలుస్తుందన్నది నూనె చిక్కదనం, తిరిగే వేగం, మీద పడే బరువును బట్టి ఉంటుంది. చిక్కదనం వేడితో ఎలా పడిపోతుందో కూడా ఆయన ఆలివ్‌ నూనెను కొలిచి సూత్రం రాశారు. నాకైతే ఆ పేపర్లో అన్నిటికంటే పనికొచ్చే ముక్క ఇదే అనిపిస్తుంది.

ఇప్పుడు ఇంటర్వ్యూ బోర్డు ముందుకు రండి. ఆఫ్‌రోడ్‌ బండి బురదలో ఫస్ట్‌ గేర్‌లో మూలుగుతూ పోతుంటుంది. ఎదురుగాలి ఉండదు, ఇంజిన్‌ మీది ఫిన్‌లకు మట్టి పడుతుంది, వేడి పెరుగుతుంది. ఆయిల్‌ మరీ పలచబడితే పొర తెగుతుంది. అలాగని అవసరానికి మించి చిక్కటిది పోస్తే? పొరల మధ్య రాపిడి పెరిగి అదే మరింత వేడి పుట్టిస్తుంది, పవర్‌ తింటుంది, చల్లగా ఉన్న ఇంజిన్‌ స్టార్ట్‌ చేసినప్పుడు పైభాగాలకు ఆలస్యంగా చేరుతుంది. పైగా ఈ ఇంజిన్‌లో వేడిని మోసుకుపోయే పని కొంత ఆయిల్‌దే. కాబట్టి ముందు అడగాల్సింది ఎంత చిక్కన అని కాదు, ఏ వేడి దగ్గర అని.

డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని ఉంటే మొదటి అంకె చలిలో నడతకు, రెండోది 100 డిగ్రీల దగ్గర నడతకు గుర్తు. 30 గ్రేడు అంటే ఆ 100 డిగ్రీల దగ్గర 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్‌లోపు. 40 గ్రేడు అయితే 12.5 నుంచి 16.3లోపు. మీ కాలేజీ బాహా జట్టులో ఉంటే బ్రిగ్స్‌ అండ్‌ స్ట్రాటన్‌ పేరు వినే ఉంటారు. గాలితో చల్లబడే తన చిన్న ఇంజిన్లకు ఆ కంపెనీ ఇచ్చే సూచన ఇది: ఎస్‌ఏఈ 30 వాడితే బయట 4 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్టింగ్‌ కష్టం, 10డబ్ల్యూ-30 వాడితే 27 డిగ్రీలు దాటాక ఆయిల్‌ ఖర్చు పెరగొచ్చు. మన ఎండలకు ఏది నప్పుతుందో మీరే చూసుకోండి. క్లచ్‌ కూడా ఆయిల్లోనే మునిగి ఉండే బండ్లకు గ్రేడు ఒక్కటే చాలదు, జాసో ఎంఏ గుర్తు ఉందో లేదో చూడాలి. లేకపోతే క్లచ్‌ జారుతుంది. బండితో వచ్చిన మాన్యువల్‌ చెప్పిన గ్రేడుతో మొదలుపెట్టి, కారణం ఇలా వివరిస్తే బోర్డు మూడో ప్రశ్నకు వెళ్తుంది.

రెనాల్డ్స్‌కు 1877లో రాయల్‌ సొసైటీ సభ్యత్వం, 1888లో రాయల్‌ మెడల్‌ వచ్చాయి. చివర్లో విశ్వం మొత్తాన్ని యాంత్రికంగా వివరించాలని ఓ పెద్ద సిద్ధాంతం రాశారుగానీ, అది చాలామందికి కొరుకుడు పడలేదు. ఆరోగ్యం దెబ్బతిని 1905లో పదవి వదిలారు. 1912 ఫిబ్రవరిలో సోమర్‌సెట్‌లోని వాచెట్‌ అనే ఊళ్లో కన్నుమూశారు. 1883లో ఆయన రంగు వదిలి చూసిన ఆ పరికరం ఇప్పటికీ మాంచెస్టర్‌ విశ్వవిద్యాలయంలో ఉంది.