ధర్మపురి శేషప్ప కవి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల భక్తులకు ధర్మపురి సుపరిచిత క్షేత్రము. గోదావరీతీరమున వెలసిన ఆ లక్ష్మీనృసింహుని సేవించి ధన్యుడైన కవి శేషప్ప.

నరసింహ శతకమునకు పూనుకొన్నప్పుడు ఆయన తన పాండిత్యమును చాటుకొనలేదు. గణయతిప్రాసల లక్షణము చూడలేదనియు, అమరము చదువలేదనియు, స్వామి కటాక్షమే తనచేత పలికించుచున్నదనియు విన్నవించుకొనెను.

భగవన్మహిమ అందరి కన్నులయెదుట నున్నదే. అహంకారము నిండిన మనస్సునకు అది సామాన్యముగా తోచును, వినయశీలికి అద్భుతమగును. శేషప్ప స్వభావము రెండవది.

యమధర్మరాజునకును ఆలయమున్న ఆ ఊరిలో ఆయన మృత్యువును మరువలేదు. అంత్యకాలమున కఫవాతములు క్రమ్మగా నారాయణనామము నోట పలుకునో పలుకదో యని కలతపడెను. అందుచేత ఆనాటి భజనను నేడే చేసెదనని స్వామికి మొరపెట్టుకొనెను.

అద్భుతము నెరిగినవాడు రేపటికై వేచియుండడు. నామము పలుకగల కంఠము మనకును నేడున్నది.