ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు పేరు తెచ్చిన రెడ్డిగారు

విశ్వవిద్యాలయములకు ప్రతిష్ఠ భవనములవలన వచ్చునని పలువురు తలంతురు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో వెలసినప్పుడు సముద్రతీరమునందలి నేటి సౌధములేవియు లేవు. ఉన్నదెల్ల తగవే. కేంద్రస్థానము బెజవాడయే కావలెనని కొందఱు, రాజమహేంద్రవరమని కొందఱు, విశాఖపట్టణమని మఱికొందఱు పట్టుబట్టిరి. ఆ పసికూనను చేతికెత్తుకొన్న ప్రథమోపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు.

వారు 1880లో చిత్తూరునొద్ద కట్టమంచి గ్రామమున జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా నుండగనే ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును రచించిరి. ప్రభుత్వ వేతనముతో కేంబ్రిడ్జికేగి, అచ్చటి విద్యార్థిసభకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైరి. తిరిగివచ్చి మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులై, పిమ్మట ఆ సంస్థాన విద్యాశాఖకే అధిపతులైరి. కన్నడసీమలో తెలుగు చదువుకొనుచున్న మనకు ఈ సంగతి ప్రీతికరము గదా!

1930లో ఉప్పు సత్యాగ్రహము సాగుచుండెను. ప్రభుత్వము దేశభక్తులను లాఠీలతో, చెఱసాలలతో అణచివేయుచుండగా, రెడ్డిగారు ఆ దమననీతికి నిరసనగా తమ పదవిని విడిచిరి. ఆయన గాంధీగారి శిష్యులు కారు, జైలుకేగినవారును కారు. జస్టిస్ పక్షమున మెలగినవారు. అట్టివారు కుర్చీని వదలుకొనుటచే, విశ్వవిద్యాలయమనగా పట్టాలిచ్చు కచ్చేరి మాత్రమే కాదని సామాన్యజనులకు తెలిసినది. వెయ్యి ప్రకటనలు చేయలేని పనిని ఆ రాజీనామా చేసినదని మా అభిప్రాయము. అయితే ఆ ప్రభుత్వమే తరువాత ‘సర్’ బిరుదమీయగా వారు స్వీకరించిరి. ఇది మాకు మింగుడుపడని విషయము.

1931 నుండి 1936 వఱకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు వాల్తేరున ఆ పీఠమునలంకరించిరి. జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయలొసంగ పూనుకొనిరి. విజ్ఞానశాస్త్ర కళాశాలకు వారి పేరే పెట్టిరి. 1936లో రెడ్డిగారు మరల ఉపాధ్యక్షులైరి. వారి కాలమున రసాయనశాస్త్రమున శేషాద్రిగారు, భౌతికశాస్త్రమున సూరి భగవంతముగారు చేసిన పరిశోధనలవలన వాల్తేరు పేరు దూరదేశములందును వినవచ్చెను.

పండితులను గౌరవించుటలో ఆ విశ్వవిద్యాలయము పట్టాలను లెక్కింపలేదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసి, సవరల భాషను నేర్చి, వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తిపంతులుగారికి 1938లో కళాప్రపూర్ణ బిరుదము నొసంగినది. గ్రాంథికమును ఎదిరించిన ఆ మహనీయుని మేమిట్లు గ్రాంథికముననే పొగడుటకు పాఠకులు నవ్వుకొందురుగాక!

1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపై జపాను బాంబులు పడెను. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలినది. ప్రయోగశాలలను, గ్రంథములను మూటగట్టుకొని పరాయియూరున తరగతులు నడపుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. రెడ్డిగారు ఆ సంసారమును చెదరనీయక కాపాడి, యుద్ధానంతరమున తిరిగి వాల్తేరు చేర్చిరి.

1949లో ఆ పదవినుండి తొలగి, తాము తొలుత పాఠములు చెప్పిన మైసూరునకే అచ్చటి విశ్వవిద్యాలయ సహకులపతిగా వెళ్లిరి. 1951 ఫిబ్రవరి 24న కాలధర్మము నొందిరి.