తెలుగు పొదలకు లోకఖ్యాతి తెచ్చిన రాక్స్‌బర్గ్
పన్నెండేళ్లు సామర్లకోటలోనే నివాసం

సామర్లకోట: మన కొండల్లో, పుంతల్లో ఎవరూ పట్టించుకోని అడవి పొదలను, చెట్లను సేకరించి, ప్రపంచ వృక్షశాస్త్రానికి పరిచయం చేసిన మహనీయుడు విలియం రాక్స్‌బర్గ్. భారత వృక్షశాస్త్ర పితామహుడిగా పేరొందిన ఆయన పన్నెండేళ్లపాటు సామర్లకోటలో నివసించారన్న సంగతి నేటి తరంలో కొద్దిమందికే తెలుసు.

1751లో స్కాట్లాండ్‌లో జన్మించిన రాక్స్‌బర్గ్, ఎడిన్‌బరోలో ఆచార్య జాన్ హోప్ వద్ద వృక్షశాస్త్రం అభ్యసించారు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు చేరారు. 1781లో ఉత్తర సర్కారులలోని సామర్లకోటకు వచ్చారు. రాజమహేంద్రవరం ప్రాంతపు కొండల్లో అడవి మిరియపు తీగను గుర్తించి, ఇక్కడి తోటలో మిరియాల సాగు చేపట్టారు.

ఉప్పెన మింగిన శ్రమ

1787 మే నెలలో కోరంగి తీరాన్ని ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఏళ్ల తరబడి ఆయన కూడబెట్టిన ఎండు మొక్కలు, గ్రంథాలు ఆ విపత్తులో నాశనమయ్యాయి. అయినా ఆయన అధైర్యపడలేదు. మళ్లీ అడవిబాట పట్టారు. పూతతో ఉన్న రెమ్మలను కాగితాల నడుమ అదిమి ఆరబెట్టడం, ఆకు, పువ్వు, కాయల వివరాలు రాయడం, స్థానికులు పిలిచే తెలుగు పేరును నమోదు చేయడం మొదటినుంచి ఆరంభించారు. 1789లో కంపెనీ వృక్షశాస్త్రవేత్తగా నియమితులయ్యారు.

దేశీయ చిత్రకారులను నియమించి మొక్కల బొమ్మలు గీయించారు. వాటిలో 300 చిత్రాలతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. ఆ చిత్రకారులకు దక్కవలసిన కీర్తి మాత్రం దక్కలేదు.

జ్వరాలకు మందుగా సోమిద బెరడును ఆయన పరీక్షించారు. ఆ తెలుగు పేరే నేడు ఆ చెట్టు శాస్త్రీయ నామంలో నిలిచి ఉన్నది. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు చెట్టు ఆకుల నుంచి నీలిరంగు తీయవచ్చని నిరూపించారు.

కరవుకు విరుగుడు

1789-92 నాటి ఘోర కరవును ఆయన కళ్లారా చూశారు. వానలు తప్పినా ఆకలి తీర్చే కొబ్బరి, పనస వంటి చెట్లను విరివిగా నాటించాలని అధికారులకు సూచించారు.

1793లో కలకత్తా వృక్షోద్యానవన అధిపతిగా వెళ్లిన రాక్స్‌బర్గ్ 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశారు. ఆయన ‘ఫ్లోరా ఇండికా’ 1832లో గానీ పూర్తిగా అచ్చుకాలేదు. ఆయన సేకరించిన ఎండు రెమ్మలు లండన్, ఎడిన్‌బరోలలో భద్రంగా ఉన్నాయి. వాటి మాతృకలైన పొదలను మన ఊళ్లలో కాపాడుకోవలసిన బాధ్యత మనదే.